ఇంట్లో గ్రహశాంతి: శాస్త్రం అడిగింది ఎంత, వాడుక చేర్చింది ఎంత

'గ్రహ' శబ్దం 'పట్టుకొను' అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టింది. ఆకాశంలో తిరిగే జ్యోతికి ఆ పేరు స్థిరపడక ముందు అది పసిపిల్లలను పట్టి పీడించే అదృశ్య శక్తులకూ, సోమయాగంలో రసం పట్టే పాత్రకూ పేరుగా ఉండేది. 'శాంతి' అంటే శమింపజేయడం. అయితే ధర్మశాస్త్రాల్లో ఈ శమనం తరిమివేయడం వంటిది కాదు. వచ్చినవాడు కోపిష్ఠి అయినా పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, ఇష్టమైన వంట వండిపెట్టి ప్రసన్నుణ్ణి చేసుకోవడం వంటిది. గ్రహశాంతి క్రతువు మొత్తం ఈ ఆతిథ్య భావం మీదనే నిలిచి ఉన్నది కనుక, దాన్ని గృహస్థు తన ఇంట్లో చేసుకోవచ్చునా, ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ శిక్షణ పొందిన చేయి అవసరం అనే ప్రశ్నలను కూడా ఈ భావం నుంచే పరిశీలించవలసి ఉంటుంది.

ఈ క్రతువు వేదమంత ప్రాచీనంగా కనిపించినా, నేడు తెలిసిన ఆకృతిలో అంత పాతది కాదు. ఋగ్వేదం అయిదో మండలంలో స్వర్భానుడనే అసురుడు సూర్యుణ్ణి చీకటితో కప్పడం, అత్రి మహర్షి ఆ సూర్యుణ్ణి తిరిగి వెలికితీయడం ఉన్నాయి గాని, తొమ్మిది గ్రహాలను వరుసగా పిలిచి పూజించే పద్ధతి లేదు. తెలుగునాట వైదికుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో కూడా నవగ్రహ హోమం కనిపించదు. అది బోధాయన గృహ్యశేషసూత్రం వంటి తరువాతి అనుబంధాల్లోనూ, వైఖానస సూత్రంలోనూ చోటు చేసుకుంది. ఆదివారం నుంచి శనివారం వరకు ఏడు వారాల లెక్క భారతదేశంలో క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో, గ్రీకుల జాతక విద్యతో పాటు వ్యాపించింది. వారం పేరుతో తేదీ వేసిన మొదటి శాసనాల్లో ఒకటి గుప్త చక్రవర్తి బుధగుప్తుని కాలంలో, 484లో, మధ్యప్రదేశ్‌లోని ఎరాన్‌లో చెక్కినది. అందులో గురువారం ప్రస్తావన ఉన్నది. నవగ్రహాలను సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని అని వారాల వరుసలోనే చెప్పి, చివర రాహుకేతువులను చేర్చే క్రమం ఆ కాలపు ముద్రను ఇప్పటికీ మోస్తూనే ఉన్నది.

గృహస్థుకు సంబంధించినంతవరకు మూలప్రమాణం యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయంలోని గ్రహశాంతి ప్రకరణం. మూడు నుంచి అయిదో శతాబ్దం మధ్య రూపొందినట్లు పండితులు భావించే ఈ స్మృతి, తరువాత వచ్చిన నిబంధ గ్రంథాలన్నిటికీ, అంటే ధర్మశాస్త్ర సంకలనాలకు, చట్రం ఇచ్చింది. సంపద కోరేవాడూ, శాంతి కోరేవాడూ, వాన, ఆయుష్షు, పుష్టి కోరేవాడూ గ్రహయజ్ఞం చేయవచ్చునని చెప్పి, అది ప్రతిమల ద్రవ్యాలను నిర్దేశిస్తుంది: సూర్యునికి రాగి, చంద్రునికి స్ఫటికం, కుజునికి రక్తచందనం, బుధునికీ గురువుకూ బంగారం, శుక్రునికి వెండి, శనికి ఇనుము, రాహువుకు సీసం, కేతువుకు కంచు. ఇంతవరకే చదివినవారికి ఇది ధనవంతుల క్రతువుగా తోస్తుంది. అయితే అదే ప్రకరణం, ప్రతిమలు లేకపోతే గ్రహాలను వాటి వాటి రంగులతో గుడ్డ మీద రాసుకోవచ్చుననీ, గంధంతో మండలాలు గీసి అందులో భావించుకోవచ్చుననీ వెంటనే చెబుతుంది. భోజనం పెట్టే విషయంలో శక్తి కొలది, దొరికినంతలో అనే సడలింపు ఇస్తుంది. ఏ గ్రహం ఎవరికి బాగులేదో వారు ఆ గ్రహాన్ని శ్రద్ధగా పూజించాలని కూడా అంటుంది. అంటే తొమ్మిదింటికీ సమానంగా ఖర్చు చేయవలసిన నిర్బంధం మూలంలో లేదు. ఈ మూడు మాటలనూ వెలుగులోకి తేకుండా, లోహాల జాబితాను మాత్రమే యజమానికి వినిపించడం ఆ స్మృతికి చేసే అన్యాయం.

హోమానికి స్మృతి చెప్పిన సమిధలు తొమ్మిదీ ఊరి పొలిమేరలో, చెరువు గట్టున దొరికేవే. వరుసగా జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ. ఒక్కొక్క గ్రహానికి 108 లేదా 28 చొప్పున, తేనె నేతులతో గాని, పెరుగుతో గాని, పాలతో గాని తడిపి అగ్నిలో వేయాలి. అంటే చిన్న పక్షంలో మొత్తం 252 ఆహుతులు, పెద్ద పక్షంలో 972. నైవేద్యాలు కూడా వంటింటివే: సూర్యునికి బెల్లపు అన్నం, చంద్రునికి పాయసం, గురువుకు పెరుగన్నం, శనికి నువ్వుల పొడి, కేతువుకు చిత్రాన్నం. రాహువుకు మాంసాన్ని చెప్పిన చోటును తరువాతి ఆచారం మెల్లగా మినుములతో నింపుకున్నది. మత్స్యపురాణం చేతిలో పడేసరికి ఇదే క్రతువు పదివేల ఆహుతుల అయుత హోమంగా, లక్ష హోమంగా, కోటి హోమంగా పెరిగింది. అవి రాజులు, దేశాలు సంకల్పించుకునే కొలతలు. ఇల్లు సంకల్పించుకునేవి కావు. నేడు కొన్ని చోట్ల గృహస్థులకు ఈ రెండో కొలతను చూపి మొదటి కొలతను చిన్నబుచ్చడం జరుగుతున్నది. దీన్ని గ్రంథాల మధ్య భేదంగా కాక, యజమానుల మధ్య భేదంగా గ్రహిస్తే చిక్కు విడిపోతుంది.

మంత్రాల సంగతి మరింత ఆసక్తికరమైనది. గ్రహాలకు వినియోగించే వేదమంత్రాల్లో చాలా వాటికి ఆ గ్రహంతో అర్థపరమైన సంబంధం లేదు. కుజునికి చెప్పే ఋక్కు అగ్నిని స్తుతించేది. బుధునిది కూడా అగ్నిని మేలుకొమ్మని పిలిచేదే, 'మేలుకొను' అనే అర్థం గల 'బుధ్' ధాతువు అందులో ఉండటమే బుధునితో దాని బంధం. శనికి చెప్పే మంత్రం జలదేవతలను సుఖం కోరేది. అందులో మొదట వినిపించే 'శం' అనే అక్షరమే శనైశ్చరుణ్ణి గుర్తుకు తెచ్చింది. కేతువు మంత్రంలో 'కేతు' శబ్దానికి వెలుగు, గుర్తు అనే అర్థాలు తప్ప తోకచుక్కతోనో ఛాయాగ్రహంతోనో సంబంధం లేదు. దీన్ని చూపి క్రతువంతా కృత్రిమమని కొట్టిపారేసిన విమర్శకులున్నారు. కాని కొత్తగా వచ్చిన దేవతలకు ఇంట్లో ఉన్న పాత మంత్రాలనే ఇచ్చి కూర్చోబెట్టిన తీరులో ఒక సంప్రదాయం తనను తాను విస్తరించుకున్న నేర్పు ఉన్నది. అంతకన్నా ముఖ్యం, నీటినీ నిప్పునూ మేలు కోరే ఆ మంత్రాల్లో భయం లేదు.

గ్రహాలు ఫలాన్ని ఇస్తాయా, లేక రానున్న ఫలాన్ని సూచిస్తాయా అనే చర్చ జ్యోతిషంలో పాతది. కర్మ సిద్ధాంతాన్ని అంగీకరించినవారు గ్రహాలను సూచకాలుగానే పరిగణించి, సడలని దృఢకర్మకూ సడలే అదృఢకర్మకూ భేదం చూపి, శాంతి వల్ల రెండోది మాత్రమే తగ్గుతుందని చెప్పారు. ఖగోళ గణితం తన దారిన తాను నడిచింది: 499లో ఆర్యభటీయం రచించిన ఆర్యభటుడు గ్రహణాలను భూమి నీడగా, చంద్రుని అడ్డుగా వివరించాడు, రాహుకేతువులు చంద్రుని కక్ష్య సూర్యుని మార్గాన్ని ఖండించే రెండు బిందువులు మాత్రమే, కంటికి కనిపించే పిండాలు కావు. భక్తి మార్గం మూడో జవాబు ఇచ్చింది. ముత్తుస్వామి దీక్షితులు ఏడు వారాలకు ఏడు గ్రహకృతులు రచించి, నాదంతోనే శాంతి సాధ్యమని చూపగా, ఆయన సమకాలికుడు త్యాగరాజు రేవగుప్తి రాగంలోని 'గ్రహబలమేమి' కృతిలో రాముని అనుగ్రహం ముందు గ్రహబలానికి లెక్కలేదని పాడాడు. ఒకే తిరువారూరులో పుట్టిన ఇద్దరు వాగ్గేయకారులు ఒకే ప్రశ్నకు ఇచ్చిన ఈ రెండు జవాబులూ నేటికీ ఒకే ఇంటి పూజగదిలో పక్కపక్కన వినిపిస్తూ ఉంటాయి.

తెలుగు ఇళ్లలో నవగ్రహారాధన ప్రత్యేక శాంతిగా కన్నా ఇతర శుభకార్యాల్లో భాగంగానే ఎక్కువగా జరుగుతుంది. గృహప్రవేశం, ఉపనయనం, పెళ్లి, మూల, జ్యేష్ఠ, ఆశ్లేష వంటి నక్షత్రాల్లో పుట్టిన బిడ్డకు చేసే నక్షత్రశాంతి, అరవై ఏళ్లు నిండినప్పటి షష్టిపూర్తి, వీటన్నిటిలోనూ గ్రహాలకు పీట ఉన్నది. అన్నిటికన్నా సాధారణమైనది సత్యనారాయణ వ్రతం. అందులోని మండపారాధనలో గణపతి మొదలైన పంచలోకపాలకులు అయిదుగురిని, అధిదేవతా ప్రత్యధిదేవతలతో కలిపి నవగ్రహాలను, అష్టదిక్పాలకులు ఎనిమిదిమందిని ఆవాహన చేస్తారు. అధిదేవత అంటే గ్రహానికి పైన నిలిచి నడిపే దేవత, ప్రత్యధిదేవత అంటే దానికి తోడుగా మరోవైపు నిలిచే దేవత, కనుక గ్రహాల లెక్క 27 అవుతుంది, మొత్తం 40. వ్రతం చేసుకున్న ప్రతి తెలుగు దంపతులూ, పేరు తెలియకపోయినా, ఇంట్లో గ్రహపూజ చేసినవారే. 'ఇంట్లో గ్రహాలను పిలవకూడదు' అనే భయానికి ఈ ఒక్క ఆచారమే తగిన సమాధానం. నవగ్రహాల విగ్రహాలను నిత్యపూజలో ఉంచుకోరాదనే వాడుక వేరు. అది పిలిచిన అతిథిని సాగనంపకుండా ఉంచుకోవడం గురించిన జాగ్రత్త.

ప్రత్యేకంగా శాంతి తలపెట్టినప్పుడు క్రతువు నడిచే తీరు ఇలా ఉంటుంది. ఆచమనం, ప్రాణాయామం తరువాత యజమాని సంకల్పం చెబుతాడు. అంటే దేశం, కాలం, గోత్రం, నక్షత్రం, పేరు చెప్పుకుని ఏ కోరికతో ఏ పని చేస్తున్నాడో ప్రకటిస్తాడు. విఘ్నేశ్వర పూజ, చోటునూ ద్రవ్యాలనూ శుద్ధి చేసే పుణ్యాహవాచనం, కలశ స్థాపన అయ్యాక మండపం సిద్ధమవుతుంది. కొత్త గుడ్డ పరచి, నడుమ సూర్యునికి గోధుమలు గుండ్రంగా, ఆగ్నేయంలో చంద్రునికి బియ్యం చతురస్రంగా, దక్షిణాన కుజునికి కందులు త్రికోణంగా, ఈశాన్యంలో బుధునికి పెసలు బాణం ఆకారంలో, ఉత్తరాన గురువుకు శనగలు నిడుపాటి చతురస్రంగా, తూర్పున శుక్రునికి బొబ్బర్లు పంచకోణంగా, పడమట శనికి నువ్వులు వింటి ఆకారంలో, నైరుతిలో రాహువుకు మినుములు చేట ఆకారంలో, వాయవ్యంలో కేతువుకు ఉలవలు జెండా ఆకారంలో పోస్తారు. ఒక్కొక్క గ్రహాన్నీ ఫలానా గోత్రంవాడా, ఫలానా దేశంలో పుట్టినవాడా అని మనిషిని పిలిచినట్లే పిలుస్తారు. సూర్యునిది కాశ్యప గోత్రం, కళింగ దేశం. ఆ కళింగసీమలోనే శ్రీకాకుళం పక్కన అరసవల్లి సూర్యనారాయణుడు కొలువై ఉండటం తెలుగువారికి ఈ ఆవాహనను మరింత దగ్గర చేస్తుంది. పూజ తరువాత అగ్నిని ప్రతిష్ఠించి, అగ్నిముఖమనే పూర్వాంగం నడిపి, సమిధలు, అన్నం, నెయ్యి హోమం చేసి, పూర్ణాహుతి ఇచ్చి, కలశజలాన్ని కుటుంబం మీద చల్లి, దానాలతో ముగిస్తారు.

ఇందులో గృహస్థు స్వయంగా చేయగలిగినవి ఏవి అనే ప్రశ్నకు జవాబు హోమం దగ్గర రెండుగా చీలుతుంది. సంకల్పం, ధాన్యమండలం, నామాలతో పూజ, వ్యాసప్రోక్తంగా ప్రసిద్ధమైన నవగ్రహ స్తోత్ర పారాయణం, జపం, నైవేద్యం, దానం అనే వీటికి ఇంటివారు చాలు. స్వరం తప్పకుండా వేదమంత్రం చెప్పడం, అగ్నిముఖం నడపడం మాత్రం గురువు దగ్గర నేర్చినవారికే సాధ్యం. పుస్తకం చూసి, ఫోన్లో విని అనుకరిస్తే మంత్రం చెడుతుంది, శ్రద్ధ చెదురుతుంది. నిబంధకారులు స్త్రీలకూ శూద్రులకూ వేదమంత్రాన్ని నిషేధించి నామమంత్రాన్నీ పురాణశ్లోకాన్నీ విధించారు. ఆ నిషేధం వెనుక ఉన్న హెచ్చుతగ్గుల భావం సమర్థించదగినది కాదు. అయినా వారికి విడిచిపెట్టిన నామమంత్ర మార్గమే కాలక్రమంలో అందరికీ అందుబాటులో ఉన్న మార్గంగా నిలబడింది. ఇవాళ ఉద్యోగానికి వెళ్లబోయే ముందు తొమ్మిది నామాలతో పూవులు వేసే ఏ కులం గృహిణి పూజకైనా శాస్త్ర ఆధారం అదే.

జపసంఖ్యల విషయంలో ప్రాంతాలవారీగా తేడాలున్నాయి. తెలుగు పురోహితుల వాడుకలో తరచుగా వినిపించే లెక్క, సూర్యునికి 6,000, చంద్రునికి 10,000, కుజునికి 7,000, రాహువుకు 18,000, గురువుకు 16,000, శనికి 19,000, బుధునికి 17,000, కేతువుకు 7,000, శుక్రునికి 20,000. ఆయుర్దాయాన్ని గ్రహాలకు పంచే వింశోత్తరి దశాపద్ధతిలో ఆయా గ్రహాలకు చెప్పిన ఏళ్లను వెయ్యితో గుణిస్తే వచ్చే సంఖ్యలే ఇవి. మొత్తం 120 ఏళ్ల ఆయుర్దాయం లక్షా ఇరవై వేల జపమవుతుంది. ఉత్తరాది పద్ధతుల్లో శనికి 23,000, గురువుకు 19,000 అని మరో లెక్క ఉన్నది. రెండు లెక్కలున్న చోట ఏ ఒక్కటీ తప్పనిసరి కాదని గ్రహించడం మంచిది. ఒక నామమంత్రానికి అయిదు సెకన్లు వేసుకుంటే శని జపం సుమారు 26 గంటల పని. 41 రోజుల మండలదీక్షగా పంచుకుంటే రోజుకు నలభై నిమిషాలకు మించదు. జపాన్ని డబ్బిచ్చి వేరొకరితో చేయించే ఏర్పాటును శాస్త్రం ఒప్పుకుంటుంది, ఋత్విక్కును వరించడమంటే అదే. కాని కష్టకాలంలో ఉన్న మనిషికి రోజూ నలభై నిమిషాలు నోరు మెదుపుతూ, మనసు కుదుటపరచుకుంటూ కూర్చోవడం వల్ల కలిగే నెమ్మది రసీదు వల్ల కలగదు.

అపార్టుమెంట్లలోనూ, విదేశాల్లోని తెలుగు ఇళ్లలోనూ హోమం కొత్త చిక్కులు తెచ్చింది. మూసిన గదిలో కట్టెలు కాలితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడుతుంది, అది ప్రాణాంతకం కాగలదు. కనుక కిటికీలు తెరవడం, గుండం కింద ఇటుకలూ ఇసుకా పరచడం, పసిపిల్లలనూ ఆయాసం ఉన్న పెద్దలనూ పక్క గదిలో ఉంచడం మంత్రమంత ముఖ్యం. పచ్చి జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఎండు పుల్లలే వాడాలి. పొగ తగిలితే మోగే అలారాలున్న అమెరికా ఇళ్లలో చాలామంది హోమాన్ని గుడికి వదిలి, ఇంట్లో ధాన్యమండలం, పూజ, స్తోత్రం వరకు ఆగుతున్నారు. అది లోపం కాదు; గంధపు మండలంలో భావించి పూజించమన్న స్మృతివాక్యానికి అది దగ్గరగానే ఉన్నది.

గ్రహశాంతిని కమ్ముకున్న భయం గురించి కొంత నిలిచి మాట్లాడవలసి ఉన్నది. శని ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. జన్మరాశికి 12, 1, 2 స్థానాల్లో ఉన్న ఏడున్నరేళ్లు ఏలినాటి శని, 4లో ఉంటే అర్ధాష్టమ శని, 8లో ఉంటే అష్టమ శని. ఏ రోజున చూసినా ఈ మూడు పేర్లలో ఏదో ఒకదాని కిందికి పన్నెండు రాశుల్లో అయిదు రాశులవారు వస్తారు. అంటే వందమందిలో సుమారు 42 మంది. కుజదోషానికి దక్షిణాదిన చెప్పే 2, 4, 7, 8, 12 స్థానాలు కూడా అయిదే. లగ్నం నుంచే కాక చంద్రుని నుంచీ శుక్రుని నుంచీ లెక్కిస్తే దోషం లేనివారే తక్కువగా మిగులుతారు. ఇంతమందికి ఉన్నదాన్ని ఒక ఆడపిల్ల నుదుట మాత్రమే రాసి ఉన్న శాపంగా చెప్పి సంబంధాలు తప్పించడం క్షమించరాని పని. కాలసర్ప దోషమనే పేరు వరాహమిహిరుని బృహజ్జాతకంలో లేనే లేదు, అయినా నేడు అతి ఎక్కువ భయపెట్టే పేరు అదే. ఈ ధోరణిని కందుకూరి వీరేశలింగం 1878 నుంచి వివేకవర్ధని పత్రికలో వెలువడిన రాజశేఖర చరిత్రము నవలలోనే ఎండగట్టారు. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో కేతువుతో కలిసి అష్టగ్రహ కూటమి ఏర్పడినప్పుడు ప్రళయం వస్తుందని దేశమంతా వణికి, ఊరూరా హోమాలు చేసింది, ప్రళయం రాలేదు. హోమాల వల్లనే తప్పిందని కొందరూ, రావలసింది ఏమీ లేదని మరికొందరూ చెప్పుకున్నారు. ఏది నిజమనుకున్నా, జబ్బు చేసినవారికి వైద్యం ఆపి శాంతి చేయించమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదన్నది మరువరానిది.

చివరికి మిగిలేది దానం. స్మృతి సూర్యునికి పాడి ఆవు, చంద్రునికి శంఖం, కుజునికి ఎద్దు, బుధునికి బంగారం, గురువుకు వస్త్రం, శుక్రునికి గుర్రం, శనికి నల్లావు, రాహువుకు ఇనుము, కేతువుకు మేక దక్షిణగా చెప్పగా, తెలుగు వాడుక వాటిని కిలోంబావు ధాన్యం, ఆ రంగు గుడ్డ, కొంత డబ్బు అనే ఇంటి కొలతకు దించింది. ఇది మంచి మార్పు. దానితో పాటు వచ్చిన చెడు మార్పు, దానం పట్టినవాడికి దాత కీడు బదిలీ అవుతుందనే నమ్మకం. శనిదానం పట్టడానికి ముందుకొచ్చేది సాధారణంగా గత్యంతరం లేని పేద బ్రాహ్మణుడు. నువ్వులు, నూనె, ఇనుము, నల్లగుడ్డ అతని చేతిలో పెట్టి, ముఖం చూడకుండా, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయే దాతలున్నారు. యాజ్ఞవల్క్యుడు వాడిన మాట సత్కారం: ఆదరించి, విధిగా అన్నం పెట్టమన్నాడు. గ్రహాన్ని అతిథిగా పిలిచి గౌరవించిన ఇంట్లో, ఆ గ్రహం పేరు మీద ధాన్యం అందుకున్న మనిషిని అశుభంగా చూస్తే అక్కడ జరిగింది శాంతి కాదు. ఉద్వాసన చెప్పాక మండపం మీది తొమ్మిది రాశులనూ మూటకట్టి ఇచ్చేటప్పుడు, ఆ పూటకు ఆయనకు ఆ ఇంట్లోనే విస్తరి వేసి వడ్డించే కుటుంబాలు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఇంకా ఉన్నాయి.